నాకు గుచ్చని సూది

గలాట్స్,
21 ఫిబ్రవరి 1995

సవేతక్కా,

మేమంతా క్షేమం అని రాసి మొదలుపెట్టడం అలవాటు కాబట్టి రాశాను. అది నిజం కాదు. ఫోను చేద్దామనుకున్నాను గానీ మన వాలెయా రెచె పోస్టాఫీసులో లైను కలిపే మరిచికా సంగతి నీకు తెలుసు. నేను ఫోను పెట్టేసేలోపు ఆ మాట చర్చి గేటు దాకా వెళ్ళిపోతుంది. అందుకే ఉత్తరం.

గర్భిణీల రిజిస్టరులో త్వరగా పేరు రాయించుకోమని రెండు ఉత్తరాల్లో పోరావు కదా. పదకొండో వారంలోనే వెళ్ళాను. ఇక్కడి డాక్టరమ్మ పేరు మనొలాకె. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జలుబుతో ఉంటుంది. రక్తం తీయించింది. నిన్న మళ్ళీ రమ్మంది. తలుపేసి కూర్చోబెట్టి, "అమ్మాయ్, వీడీఆర్ఎల్ పాజిటివ్ వచ్చింది. అంటే సిఫిలిస్ కావచ్చు. మీ ఆయన ఏం చేస్తాడు?" అని అడిగింది.

"లారీ నడుపుతాడండీ. ఇస్తాంబుల్ దాకా వెళ్తాడు" అన్నాను. ఆవిడ సంగతి తేలిపోయిందన్నట్టు పెన్నుకి మూత పెట్టింది. ఆ మూత చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"మా పెళ్ళికి ముందే ఇద్దరికీ పరీక్షలయ్యాయండీ. మా అక్క డిస్పెన్సరీలో నర్సు. కాగితం కూడా ఉంది" అన్నాను గర్వంగా. "మంచిది. నీ చేతి నుంచి రక్తం తీశారా?" అంది. అప్పుడు గుర్తొచ్చింది అక్కా. నేను చొక్కా చెయ్యి మడిచి కూర్చుంటే నువ్వు నవ్వి, "దించుకోవే. నీ రక్తం నాకు నువ్వు పుట్టినప్పటి నుంచీ తెలుసు. పెళ్ళికూతురి చేతి మీద నల్లమచ్చ ఎందుకు" అని ముద్ర కొట్టేశావు. ఆ రోజు నువ్వెంత ముద్దొచ్చావో నీకు చెప్పలేదు.

రెలు రేపు బల్గేరియా నుంచి లారీతో వస్తాడు. ఇంకా చెప్పలేదు. మా అత్తకి అసలే చెప్పలేదు. ఈ పరీక్ష తప్పు కావచ్చా? నాకు ఒంట్లో ఏమీ లేదు. జనవరిలో అరచేతుల్లో ఎర్రమచ్చలు వచ్చాయని, దురద కూడా లేదని నీకు రాశాను గుర్తుందా, బట్టలుతికే పొడి మార్చమన్నావు. మార్చాను, పోయాయి. డాక్టరమ్మ ఎందుకో వాటి గురించి కూడా అడిగింది.

ఒంట్లో నొప్పి లేదు, కానీ చాలా భయంగా ఉంది. నా గురించి కాదు, లోపల ఉన్నదాని గురించి. వెంటనే రాయి.

నీ ఇలింకా


వాలెయా రెచె,
27 ఫిబ్రవరి

ప్రియమైన చెల్లికి,

ముందు కూర్చో. ఏడుస్తుంటే ఆపి చదువు.

వీడీఆర్ఎల్ ఒక్కటే చూసి ఎవరూ తీర్పు చెప్పరు. గర్భంతో ఉన్నప్పుడు ఒక్కోసారి అది ఊరికే పాజిటివ్ చూపిస్తుంది. దాన్ని ఖాయం చేసుకోవడానికి ఇంకో పరీక్ష ఉంది, అదీ రక్తంతోనే. పరగడుపున వెళ్ళాల్సిన పని లేదు, ఏదైనా తిని వెళ్ళు, లేకపోతే కళ్ళు తిరిగి పడతావు. వెళ్ళినప్పుడే ఎయిడ్స్‌కి, కామెర్లకి కూడా రక్తం చూడమను. లోపలి నుంచి దూదిపుల్లతో తీసే పరీక్ష కూడా అడుగు, రక్తంలో దొరకనివి కొన్ని అందులో దొరుకుతాయి. అడగడానికి సిగ్గుపడకు. ఆవిడ రోజూ చూసే పనే అది.

సిఫిలిస్ అని తేలినా భయపడకు. పెన్సిలిన్ ఉంది. నువ్వు తొందరగా వెళ్ళావు కాబట్టి మందు బిడ్డకీ అందుతుంది. మరిదికి కూడా పరీక్ష చేయించు. ఇద్దరికీ తేలేదాకా విడిగా పడుకోండి.

పెళ్ళికి ముందు పరీక్షల సంగతి రాశావు. నీ రక్తం తీయలేదు, నిజమే. నువ్వెవరితోనూ తిరిగినదానివి కావు, ఎందుకని వదిలేశాను. పొరపాటే. మరిది రక్తం మాత్రం తీశాను, జిల్లా ల్యాబుకి పంపాను, నెగెటివ్ వచ్చింది. రిజిస్టరులో ఉంది.

ఏటా మార్చి ఒకటిన మంచి జరగాలని కట్టుకునే ఎర్ర తెల్ల దారం ఇందులో పెట్టాను. ఈసారి నేనే పేనాను. ఆలస్యంగా అందినా కట్టుకో. అమ్మకి ఏమీ చెప్పలేదు.

అక్క, సవేత


గలాట్స్,
14 మార్చి

అక్కా,

రెండో పరీక్షా అదే చెప్పింది. సిఫిలిసే. మిగతావన్నీ లేవు. మొదటి విడత సూదులు వేశారు, రెండు పిరుదులకీ చెరొకటి. ఆ సాయంత్రం చలిజ్వరం వచ్చి ఒళ్ళు కాగిపోయింది. డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి తట్టుకున్నాను. వారం తర్వాత ఇంకో విడత. పద్నాలుగో వారంలో మొదలైంది కనుక బిడ్డ గట్టెక్కే అవకాశం చాలా ఎక్కువని అంది. ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నాను.

ఇక ఇంటి సంగతి. రెలుకి చెప్పాను. సూప్ తాగుతున్నాడు. చెంచా పెట్టేసి, లేచి, సొరుగు తీసి, నువ్వు ముద్ర వేసిన కాగితం తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు.

"చదువు. పెళ్ళికి ముందు నేను శుభ్రంగా ఉన్నాను. మీ అక్కే రాసిచ్చింది. మరి నీకెక్కడిది?"

"నా కాగితం కూడా అదే చెబుతోంది కదా" అన్నాను.

"నీ రక్తం తీయలేదని నువ్వే అన్నావు, కాపురానికొచ్చిన కొత్తలో మా అమ్మతో. మీ అక్క నిన్ను ఎంత ముద్దు చేసిందో చెప్పుకుని మురిసిపోయావు."

నిజమే, చెప్పాను. గొప్పలకి పోయి చెప్పాను. మా అత్త ఫ్రుసినా అప్పుడు నవ్వింది, ఇప్పుడు నవ్వడం లేదు. "మావాడిది పరీక్ష చేసిన రక్తం. నీదే చూడని రక్తం" అంటోంది. వచ్చిపోయేవాళ్ళ ముందు నా కప్పు వేరేగా కడుగుతోంది. కప్పుల వల్ల రాదని చెప్పాను. "ఎలా వస్తుందో నీకు బాగా తెలుసే" అంది. నన్ను వంటింటి బెంచీ మీద పడుకోమన్నారు. రెలు పరీక్షకి వెళ్ళనంటున్నాడు. "ఉన్న కాగితం చాలు" అంటాడు. అతను మందు తీసుకోకపోతే నాకు మళ్ళీ అంటుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఒకందుకు ఆ బెంచీ నయం.

అక్కా, నేను ఎవరితోనూ లేను. నీకు చెప్పాల్సిన అవసరం ఉందా? ఉంటే చెబుతున్నాను.

డాక్టరమ్మకి ఆ కాగితం చూపించాను. ఆవిడ ముక్కు తుడుచుకుంటూ తేదీ మీద వేలు పెట్టింది. అక్టోబరు 24. "నెగెటివ్ అన్న మాట ఒక్కటే చాలదమ్మా. ఆ తేదీకి ఎన్నాళ్ళ ముందు ఏం జరిగిందో కూడా తెలియాలి. రోగం ఒంట్లోకి వచ్చాక రక్తంలో కనిపించడానికి మూడు వారాలు పట్టొచ్చు, ఆరు పట్టొచ్చు, అరుదుగా మూడు నెలలు. మధ్యలో తీస్తే ఏమీ కనిపించదు. అప్పుడు మళ్ళీ రమ్మనాలి. మీ నర్సు అడిగిందా, మళ్ళీ రమ్మందా?" అంది.

అడిగావా అక్కా? అతనేం చెప్పాడు? ఈ ఇంట్లో నా మాట నమ్మేవాళ్ళు లేరు. నీ రిజిస్టరు ఒక్కటే దిక్కు.

ఇలింకా


వాలెయా రెచె,
20 మార్చి

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. రెండో విడత తప్పించకు. మూడు నెలలకోసారి రక్తం చూపించుకోవాలి, రోగం ఎంతుందో చెప్పే అంకె దిగుతూ రావాలి. ఖాయం చేసిన ఆ రెండో పరీక్ష మాత్రం జీవితాంతం పాజిటివ్‌గానే ఉండొచ్చు, అది చూసి కంగారు పడకు.

తేదీ సరైనదే. పరీక్షకి వచ్చినవాళ్ళు నాతో ఏం చెప్పుకున్నారో బయటికి చెప్పే హక్కు నాకు లేదు. ఈ కుర్చీలో కూర్చున్నప్పుడు ఒప్పుకున్న షరతు అది. ఊళ్ళో సగం కాపురాలు నా నోటి మీద నిలబడి ఉన్నాయి. నీ కోసం ఒకసారి తెరిస్తే రేపు ఇక్కడికి ఎవరూ రారు, రోగాలు ఇళ్ళలోనే పెరుగుతాయి.

మరిదిని ఒకసారి నా దగ్గరికి పంపు. డిసెంబరు మొదటి వారమంతా చూశాను, రాలేదు. ఇప్పటికైనా రమ్మను, నేనే సూది వేస్తాను, ఎవరికీ తెలియదు.

సీమదానిమ్మ జామ్ రెండు సీసాలు ఆదివారం బస్సులో పంపుతున్నాను. బాగా తిను.

సవేత


గలాట్స్,
27 మార్చి

సవేతకి,

జామ్ అందింది. మా అత్తకి ఇచ్చేశాను. నువ్వు పేనిన దారం ఇందులో పెట్టి తిప్పి పంపుతున్నాను. కట్టుకోలేదు.

డిసెంబరు మొదటి వారమంతా చూశానన్నావు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివితే ఆ వాక్యం ఒక్కటే మిగిలింది. శుభ్రంగా ఉన్నవాడి కోసం నర్సు ఎందుకు ఎదురు చూస్తుంది? మళ్ళీ రమ్మంటేనే చూస్తుంది. మళ్ళీ రమ్మనాల్సినంత చెప్పాడన్నమాట. నీకు తెలుసన్నమాట.

నేను కూడా లెక్కపెట్టాను. అక్టోబరులో అతను ఇస్తాంబుల్ నుంచి పదిహేనున వచ్చాడు. సరిహద్దులో లారీలు మూడు రోజులు ఆగిపోయాయని చెప్పాడు. ఇరవై నాలుగున నీ దగ్గర రక్తం ఇచ్చాడు. నవంబరు ఆరున పెళ్ళి. అంతా మూడు వారాల్లోనే, క్యాలెండరు మీద వేలు పెట్టి చూపించొచ్చు.

పెళ్ళి రోజు చివర్లో నా తల మీద మేలిముసుగు తీసి ఇల్లాలి తలగుడ్డ కట్టింది నువ్వే. ఆ పని పెళ్ళయి సుఖంగా ఉన్న ఆడదే చేయాలని అమ్మ నిన్ను పిలిచింది. కడుతూ ఏడ్చావు. అందరూ "చూడండి, చెల్లెలంటే ఎంత ప్రాణమో" అన్నారు. నేను కూడా అదే అనుకుని నీ చెయ్యి ముద్దు పెట్టుకున్నాను. ఎందుకు ఏడ్చావో ఇప్పుడు తెలిసింది. ముడి వేస్తూ ఏడ్చావు గానీ ముడి ఆపలేదు.

అతని రహస్యం చెప్పకు, సరే. "నాకు ఈ కాగితం మీద ముద్ర వేయాలని లేదు" అని చెప్పడానికి ఎవరి రహస్యం విప్పాలి? "పెళ్ళి జనవరిలో పెట్టుకోండి" అనడానికి ఏ షరతు అడ్డొచ్చింది?

ఇంకోటి. అరచేతుల మచ్చలు. ఆ ఉత్తరంలోనే నెల తప్పిందని కూడా రాశాను. డాక్టరమ్మని అడిగాను, దురద లేని ఎర్రమచ్చలు అరచేతుల్లో వస్తే నర్సులకి ఏం గుర్తొస్తుందని. "మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు" అంది. నువ్వు బట్టల పొడి మార్చమన్నావు.

రెలు పరాయివాడు. నాకు అతను తెలిసి ఏడాదే. అతను మోసం చేస్తే అతని మొహాన ఉమ్మి బతకగలను. నీ మీద ఏం ఉమ్మాలో తెలియడం లేదు. నిజం రాస్తే రాయి. లేకపోతే ఇక ఉత్తరాలు వద్దు.

ఇలింకా


వాలెయా రెచె,
5 ఏప్రిల్

ఇలింకా,

రాస్తున్నాను. నన్ను మంచిగా చూపించుకునే మాటలు కొట్టేస్తూ వచ్చాను. అందుకే ఇన్ని కొట్టివేతలు.

అక్టోబరు ఇరవై నాలుగున రెలు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సూది పెట్టకముందే తనే చెప్పాడు. సరిహద్దులో లారీలు ఆగినప్పుడు తాగి, అక్కడ తిరిగే ఒకామెతో పడుకున్నాడట. పన్నెండు రోజుల క్రితం. "ఏమన్నా అంటుకుని ఉంటుందా అక్కా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. పన్నెండు రోజుల రక్తం ఏమీ చెప్పదని నాకు తెలుసు. ఆరు వారాలకి ఒకసారి, మూడు నెలలకి ఒకసారి తీయాలని తెలుసు. గోడ మీద చర్చి క్యాలెండరు ఉంది కదా, పెన్సిలుతో లెక్కపెట్టాను. ఆరు వారాలంటే నవంబరు ఆఖరు. పదిహేను నుంచి క్రిస్మస్ ఉపవాసాలు, పెళ్ళిళ్ళు లేవు. అంటే జనవరి దాకా ఆపాలి. ఆపితే ఎందుకని అడుగుతారు. అమ్మ అప్పటికే హాలు మాట్లాడింది, మేళం వాళ్ళకి చెప్పింది, పెళ్ళిపెద్దలు ప్లోయెష్ట్ నుంచి బయలుదేరుతున్నారు.

ఇవన్నీ నిజమే గానీ అసలు కారణం వేరు. రెలు సంబంధం తెచ్చింది నేను. "మా సవేత కళ్ళు తప్పు చూడవు" అని అమ్మ ఊరంతా చెప్పుకుంది. ఆ మాట పోతుందని భయపడ్డాను. ఏమీ ఉండదులే అనుకున్నాను. డాక్టరు గారు వారానికి రెండు రోజులే వస్తారు, సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు నా సొరుగులో ఉంచి వెళ్తారు. రెండు తీసి నింపాను. నీ రక్తం తీయకపోవడం కూడా ముద్దుతో కాదు. నీ చెయ్యి పట్టుకుని, నీ మొహంలోకి చూస్తూ సూది గుచ్చే ధైర్యం ఆ రోజు నాకు లేదు. చూస్తే చెప్పేసేదాన్ని.

డిసెంబరులో రమ్మని అతనికి చెప్పాను. రాలేదు. నీ అరచేతుల గురించి చదివిన రోజే నాకు తెలిసింది. తెలిసీ బట్టల పొడి అని రాశాను. రిజిస్టరు చేయించుకో, మొదటి రక్తపరీక్ష తప్పించుకోకు అని కూడా రాశాను. నేను చెప్పలేనిది ఆ పరీక్ష చెబుతుందనుకున్నాను. ఇంకొకరి నోటితో చెప్పించాలని చూశాను. ఆ మధ్యలో నీకు, బిడ్డకి ఐదు వారాలు పోయాయి.

నిన్న జిల్లా ఆరోగ్య కార్యాలయానికి వెళ్ళి నా చేత్తో రాసి ఇచ్చాను. నీ రక్తం తీయకుండా సర్టిఫికెట్ ఇచ్చానని, రెలు రక్తం గడువుకి ముందే తీశానని తెలిసీ ముద్ర వేశానని. రెండు కాగితాలూ చెల్లవని వాళ్ళు రాసిన దాని నకలు ఇందులో ఉంది. రెలు సొరుగులోంచి ఆ కాగితం తీసినప్పుడు పక్కన దీన్ని పెట్టు. కొత్త నర్సు వచ్చేదాకా నన్ను ఉండమన్నారు. ఆ తర్వాత ఈ పని ఉండదు. అతని మాట బయటపెట్టాను కాబట్టి ఉండకూడదు కూడా.

క్షమించమని రాయను. ఆ మాట నాలుగుసార్లు రాసి కొట్టేశాను.

సవేత


గలాట్స్,
3 మే

సవేతక్కా,

అక్కా అని రాయకుండా మొదలుపెడదామని చూశాను. చెయ్యి అలవాటు పడిపోయింది.

నకలు రెలు ముందు పెట్టాను. మా అత్త కూడా అక్కడే ఉంది. అతను చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడు. పెళ్ళికి నాలుగు రోజుల ముందు ఒక పుండు వచ్చిందట. నొప్పి లేదని, లారీ సీటు ఒరుసుకుని వచ్చిందనుకున్నాడట. నీ కాగితం ఉంది కాబట్టి ఇంకేమీ కాదని తనకి తాను చెప్పుకున్నాడట. ఆ తర్వాత ఒక మాట అన్నాడు.

"నేను అడిగాను మీ అక్కని, పెళ్ళిలోపు మళ్ళీ రావాలా అని. 'పెళ్ళి కానివ్వు, తర్వాత చూద్దాం' అంది."

నువ్వేమో డిసెంబరులో రమ్మన్నానని రాశావు. రెండూ ఒకటే కావచ్చు. కాకపోవచ్చు. మీ ఇద్దరిలో ఎవరు తమని కాచుకుంటున్నారో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

మర్నాడు తనే వెళ్ళి రక్తం ఇచ్చాడు. పాజిటివ్. సూదులు వేయించుకున్నాడు. మా అత్త నా కప్పు మిగతా వాటితో కలిపి కడగడం మొదలుపెట్టింది. నేను ఇంకా వంటింటి బెంచీ మీదే పడుకుంటున్నాను. ఇప్పుడు ఎవరూ అక్కడ పడుకోమనడం లేదు, నాకే గదిలోకి వెళ్ళాలని లేదు. కాన్పు అయ్యాక ఈ ఇంట్లో ఉంటానో లేదో అప్పుడు చూస్తాను.

నా అంకె ముప్పైరెండు నుంచి ఎనిమిదికి దిగింది. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. బిడ్డ కదులుతోంది. నీకు ఈ సంగతి రాయకూడదనుకున్నాను గానీ రాసేశాను.

నువ్వు ఉద్యోగం వదులుకున్నావని అమ్మ రాసింది. ఆమెకి కారణం తెలియదు, ఆరోగ్యం బాగాలేదని చెప్పావట. అమ్మకి కూడా నిజం నువ్వే చెప్పు. నా చేత చెప్పించకు. ఇంకొకరి నోటితో చెప్పించడం ఇక మానెయ్యి.

ఆగస్టు ఆఖరుకి కాన్పు. పుట్టిన రోజే బిడ్డ రక్తం కూడా తీస్తారట, నాకు మందు అందినా సరే. ఒక్కసారితో అయిపోదు, నెలలు గడిచేకొద్దీ మళ్ళీ మళ్ళీ తీస్తారు. అంత చిన్న చేతిలో నరం దొరకడం కష్టమని, రెండు మూడు చోట్ల గుచ్చాల్సి రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. అక్టోబరులో నా మొహంలోకి చూస్తూ నాకు ఒక్క సూది గుచ్చి ఉంటే సరిపోయేది.

ఆ రోజు నువ్వు రావాలి. బాప్తిస్మానికి పిలవడం లేదు, ఆ పరీక్షకి పిలుస్తున్నాను. సూది వేరే నర్సు గుచ్చుతుంది. బిడ్డ చెయ్యి కదలకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలట. నువ్వు పట్టుకో.

ఇలింకా